కర్చీఫ్ వేసిన సీటు

రెండు కంప్యూటర్లు పక్కపక్కన ఉన్నాయనుకుందాం. ఒకదానిలో లైనక్స్, మరొకదానిలో విండోస్. రస్ట్ భాషలో పది వరుసల చిన్న ప్రోగ్రాం రాశాం. అది ఒక ఫైలు తెరుస్తుంది, దానికి లాక్ వేస్తుంది, ఒక నిమిషం ఊరుకుంటుంది, ముగిసిపోతుంది. ఒక్క అక్షరం మార్చకుండా దాన్ని రెండు యంత్రాల మీదా నడిపించి, ఆ నిమిషం గడిచేలోగా పక్కన మరో టెర్మినల్ తెరిచి అదే ఫైలును చదవబోయాం.

విండోస్ చదవనివ్వదు. 'టైప్' అనే ఆదేశం ఇస్తే, ఈ ఫైలులో కొంత భాగాన్ని వేరే ప్రాసెస్ లాక్ చేసింది కాబట్టి చదవడం కుదరదని చెప్పి ఆగిపోతుంది. ఆ సిస్టమ్ లెక్కలో అది 33వ నంబరు ఎర్రర్. లైనక్స్‌లో 'క్యాట్' అని కొట్టి చూడండి. ఫైలు మొత్తం నిశ్చింతగా తెర మీదికి వస్తుంది. కింద ఇంకో వరుస చేర్చండి, చేరుతుంది. ఉన్నదంతా తుడిచేయండి, తుడుచుకుపోతుంది. లాక్ మాత్రం వేసినట్టే ఉంటుంది. మన ప్రోగ్రాం, తన ఫైలు భద్రంగా ఉందనే నమ్మకంతో నిమిషం పూర్తయ్యేదాకా కూర్చునే ఉంటుంది.

లైనక్స్‌లో లాక్ పనిచేయలేదని తేల్చేయకండి. అదే ప్రోగ్రాంను రెండో టెర్మినల్‌లో మరోసారి నడిపించండి. ఈసారి అది కదలదు. మొదటిది వదిలేదాకా బుద్ధిగా నిలబడి, వదలగానే తన వంతు తీసుకుంటుంది. అంటే లాక్ ఉంది, పనిచేస్తోంది. కాకపోతే లాక్ కావాలని అడిగినవాళ్ళకే అది కనిపిస్తుంది. అడగకుండా నేరుగా లోపలికి వచ్చేవాళ్ళను ఆపదు.

మనవైపు బస్సెక్కే వాళ్ళకు ఈ ఏర్పాటు కొత్తది కాదు. బస్సు స్టాండులోకి మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి కర్చీఫో తువ్వాలో సంచో సీటు మీద పడేస్తాం. ఆ గుడ్డముక్కకు ఎవరినీ ఆపే బలం లేదు. దాన్ని పక్కకు నెట్టి కూర్చుంటే చట్టం అడ్డురాదు. అయినా ఎక్కినవాళ్ళు దాన్ని చూసి 'ఎవరో వేసుకున్నారు' అనుకుని ముందుకు వెళ్తారు. అక్కడున్న అందరూ ఒకే మర్యాద పాటిస్తున్నంత కాలం కర్చీఫ్ పనిచేస్తుంది. ఆ మర్యాద తెలియని ఒక్కడు ఎక్కినా పనిచేయదు. యూనిక్స్ కుటుంబంలో ఫైలు లాక్ ఇలాంటిది. దానికి వాళ్ళు పెట్టిన పేరు అడ్వైజరీ లాక్. విండోస్‌ది తాళం వేసిన గది. మర్యాద తెలిసినవాడైనా తెలియనివాడైనా తలుపు తెరుచుకోదు. దాన్ని మాండేటరీ లాక్ అంటారు.

అసలు ఈ గొడవంతా ఎందుకో ఒక్కసారి చూద్దాం. ఒక ఆఫీసులో డబ్బు కట్టించుకునే కౌంటర్లు రెండున్నాయి. తర్వాతి రసీదు నంబరు ఎంతో ఒక ఫైలులో రాసి ఉంటుంది. ప్రతి కౌంటరూ ఆ ఫైలు చదువుతుంది, అందులో ఉన్న నంబరుతో రసీదు ఇస్తుంది, ఒకటి కలిపి తిరిగి రాస్తుంది. మొదటి కౌంటరు 118 చదివింది. అది 119 అని రాసేలోపు రెండో కౌంటరు కూడా చదివింది, దానికీ 118 దొరికింది. ఇద్దరు మనుషుల చేతికి 118 నంబరు రసీదులు వెళ్ళిపోయాయి. ఇద్దరూ రాసింది 119 కాబట్టి ఫైలు చూస్తే ఏ తప్పూ కనిపించదు. నెలాఖరున లెక్క తేలదు. చదవడానికీ రాయడానికీ మధ్య ఉన్న సందు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండకపోవచ్చు. అందుకే ఈ తప్పు వెయ్యిసార్లు పరీక్షించినా బయటపడదు, రద్దీ ఉన్న రోజునే బయటపడుతుంది. చదివే ముందు లాక్ వేసి, రాశాక తీసేస్తే ఆ సందు మూసుకుపోతుంది. చెప్పడానికి అంతే. అయితే ఆ లాక్ అనే మాటను ఎవరు ఎలా అర్థం చేసుకున్నారన్నదే ఈ అధ్యాయం.

యూనిక్స్‌ను కట్టినవాళ్ళు మొదట్లో లాక్ అక్కర్లేదనే అనుకున్నారు. డెనిస్ రిచీ, కెన్ థాంప్సన్ 1974లో తమ సిస్టమ్‌ను వివరిస్తూ ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ సంగతి తేటగా చెప్పారు. తమ దగ్గర ఒకే పెద్ద ఫైలును అనేక ప్రాసెస్‌లు పోషించే డేటాబేసులు లేవు కాబట్టి లాక్ అవసరం లేదన్నారు. ఉన్నా చాలదన్నారు. ఇద్దరు మనుషులు ఎడిటర్లో ఒకే ఫైలు తెరిస్తే ఎడిటర్ దానికి నకలు తీసుకుని పనిచేస్తుంది. చివరికి ఎవరు తర్వాత భద్రపరిస్తే వాళ్ళదే నిలుస్తుంది. చదివేటప్పుడు రాయకుండా ఆపినంత మాత్రాన ఈ గందరగోళం ఆగదు. ఈ రెండో వాదం నేటికీ నిజమే. మొదటిది మాత్రం పదేళ్ళలోనే చెల్లకుండా పోయింది. డేటాబేసులు వచ్చాయి, ఒకే యంత్రం మీద పదుల మంది పనిచేయసాగారు.

అప్పుడు యూనిక్స్ రెండు ఇళ్ళుగా ఉంది, రెండు ఇళ్ళూ రెండు రకాల లాకులు చేసుకున్నాయి. బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ 'ఎఫ్‌లాక్' అనే సిస్టమ్ కాల్‌ను ఇచ్చింది. ఇది ఫైలు మొత్తానికి ఒకే లాక్ వేస్తుంది. ఏటీ అండ్ టీ వారి సిస్టమ్ ఫైవ్ వైపు నుంచి 'ఎఫ్‌కంట్రోల్' లాక్ వచ్చింది. దీనితో ఫైలులో ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా అని ముక్కకు లాక్ వేయొచ్చు. 1988లో పోసిక్స్ ప్రమాణం రాసేటప్పుడు రెండోదాన్ని తీసుకున్నారు. దాంతో ప్రమాణంలో ఉన్నది ఒకటి, చాలామందికి చేతికి హాయిగా ఉన్నది మరొకటి అయింది. లైనక్స్ రెండింటినీ ఉంచుకుంది. స్థానిక డిస్కు మీద ఆ రెండూ ఒకదాన్నొకటి గుర్తించవు. ఒక ప్రోగ్రాం ఎఫ్‌లాక్ వేసి కూర్చున్న ఫైలుకే మరో ప్రోగ్రాం ఎఫ్‌కంట్రోల్ లాక్ వేయగలదు. ఇద్దరూ మర్యాదస్తులే, ఇద్దరూ కర్చీఫులు వేశారు, ఒకరి కర్చీఫ్ మరొకరి కంటికి ఆనదు.

విండోస్ కథ వేరేచోట మొదలైంది. ఎంఎస్-డాస్ పుట్టినప్పుడు యంత్రం ముందు ఒక్క మనిషే ఉండేవాడు, ఒక్క ప్రోగ్రామే నడిచేది. అడ్డం పడేవాడే లేనప్పుడు లాక్ గురించి ఎవరు ఆలోచిస్తారు? 1984లో ఆఫీసుల్లోకి నెట్‌వర్కులు వస్తున్న రోజుల్లో డాస్ 3.0 వచ్చింది. 'షేర్' అనే ప్రోగ్రాంతో అది ఫైళ్ళు పంచుకునే పద్ధతి తెచ్చింది. ఫైలు తెరిచేటప్పుడే 'నేను వాడుతుండగా ఇతరులు చదవొచ్చు, రాయకూడదు' అనో, 'ఎవరూ ముట్టకూడదు' అనో చెప్పుకోవాలి. అప్పటికే మార్కెట్లో ఉన్న ప్రోగ్రాములకు పక్కన మరొకరు ఉంటారన్న ఊహే లేదు. వాటికి మర్యాద నేర్పడం సాధ్యం కాదు, కాబట్టి తలుపుకు తాళం వేయక తప్పలేదు. చరిత్రను ఇలా చూస్తే విండోస్ కఠినత్వం మొండితనంలా కనిపించదు, ఆనాటి అవసరంలా కనిపిస్తుంది. ఫోల్డర్ తొలగించబోతే 'ఈ ఫైలు వేరే ప్రోగ్రాంలో తెరిచి ఉంది' అని విండోస్ అడ్డుపడినప్పుడు మనం ఎదుర్కొనేది ఆ వారసత్వాన్నే. వాడుకలో ఉన్న ఫైళ్ళను మార్చాల్సి వచ్చినప్పుడు అప్‌డేట్‌లు కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయమనడానికీ మూలం అక్కడే ఉంది.

లైనక్స్‌లో తాళం వేసిన గది ఎప్పుడూ లేదనలేం. ఫైలు అనుమతుల్లో ఒక విచిత్రమైన కూర్పు పెట్టి, డిస్కును ప్రత్యేకమైన ఆప్షన్‌తో జతచేస్తే మాండేటరీ లాక్ దొరికేది. దాన్ని వాడేవాళ్ళు అతి తక్కువ. పైగా లాక్ పడే క్షణానికీ రాత జరిగే క్షణానికీ మధ్య సందు మిగిలిపోయే లోపం అందులో ఉండేది. కెర్నెల్‌తో వచ్చే పత్రమే దాన్ని ఎందుకు వాడకూడదో వివరించేది. చివరికి 2021లో వచ్చిన 5.15 కెర్నెల్‌లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు లైనక్స్‌లో ఉన్నవన్నీ కర్చీఫులే.

ఎవరిని ఆపుతుందన్న తేడా ఒక్క ప్రయోగంతో బయటపడుతుంది కాబట్టి దానివల్ల జరిగే నష్టం తక్కువ. నా మట్టుకు అంతకంటే ప్రమాదకరమైనది రెండో తేడా. ఈ లాక్ ఎవరిది? లాక్ వేసిన ప్రాసెస్‌దా, ఆ ప్రాసెస్ తెరిచిన ఫైలుదా? మనుషుల లోకంలో ఈ ప్రశ్నకు అర్థం లేదు, తాళం ఎవరిదంటే తాళంచెవి ఉన్నవాడిది. యంత్రంలో మాత్రం ఈ ప్రశ్నకు తప్పు జవాబు అనుకుని రాసినందువల్ల డేటాబేసులు చెడిపోయాయి.

ఎఫ్‌లాక్ అనే లాక్ తెరిచిన ఫైలుకు అతుక్కుని ఉంటుంది. ఒకే ప్రోగ్రాం అదే ఫైలును రెండుసార్లు విడివిడిగా తెరిచిందంటే, ఆ రెండూ రెండు వేర్వేరు తెరవడాలు. మొదటిదాని మీద లాక్ వేసి, అది వదలకుండానే రెండోదాని మీద లాక్ అడిగితే ప్రోగ్రాం తన కోసం తానే ఎదురుచూస్తూ అనంతకాలం నిలబడిపోతుంది. చికాకే గానీ తర్కానికి అందుతుంది.

పోసిక్స్ ఎఫ్‌కంట్రోల్ లాక్ ప్రాసెస్‌ది. ఒక ప్రాసెస్ ఒక ఫైలును ఎన్నిసార్లు తెరిచినా లెక్కలో యజమాని ఒక్కడే. అందుకని రెండోసారి అడిగితే ఆగకుండా ఇచ్చేస్తుంది. ఒకే ప్రోగ్రాంలోని రెండు థ్రెడ్లు ఒకదాన్నొకటి ఆపుకోవాలంటే ఈ లాక్ ఎందుకూ పనికిరాదు. దీనికి తోడు ప్రమాణంలోనే మరో నియమం ఉంది. ఒక ఫైలు మీద ప్రాసెస్‌కు లాకులు ఉండగా, ఆ ఫైలును తెరిచినప్పుడు దొరికిన ఏ డిస్క్రిప్టర్‌ను మూసినా సరే, ఆ ఫైలు మీద ఆ ప్రాసెస్‌కు ఉన్న లాకులన్నీ పోతాయి. లాక్ వేసిన డిస్క్రిప్టర్‌నే మూయాలని లేదు. బస్సులో ఒక ఇంటివాళ్ళు నలుగురున్నారు. ముందు తలుపు దగ్గర నాన్న కర్చీఫ్ వేసుకుని నిలబడ్డాడు. వెనక తలుపులోంచి పిల్లవాడొకడు ఎక్కి, ఏదో చూసుకుని దిగిపోయాడు. ఆ ఇంటివాళ్ళు దిగిపోయారని కండక్టరు నాన్న కర్చీఫ్ కూడా తీసేశాడు. నాన్నకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఎస్‌క్యూలైట్ ఈ నియమంతో ఇరవై ఏళ్ళకు పైగా కుస్తీ పడుతోంది. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన ఈ చిన్న డేటాబేస్ లైబ్రరీ ఇప్పుడు ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ ఉంది. మీ ఆండ్రాయిడ్ ఫోనులో కాంటాక్టుల జాబితా ఉండేది ఇందులోనే. దీనికి విడిగా సర్వరంటూ లేదు. డేటాబేస్ అంటే ఒక మామూలు ఫైలు, దాన్ని కాపాడేది ఫైలు లాకులే. అందువల్ల ఫైలు లాకుల లోపాలన్నీ ముందుగా తగిలేది దీనికే. యూనిక్స్ కోసం రాసిన దాని కోడులో పోసిక్స్ లాకుల తీరు గురించి సుదీర్ఘమైన వ్యాఖ్య ఉంది. ఆ వ్యాఖ్య చదివితే రాసినవాళ్ళ వేదన తెలుస్తుంది. ఒకే ప్రాసెస్‌లో ఒకే డేటాబేస్ రెండుసార్లు తెరుచుకుని ఉంటే, ఒకటి ముగిసిందని దాని డిస్క్రిప్టర్ మూసేస్తే రెండోదాని లాకులు పోతాయి. కాబట్టి ఎస్‌క్యూలైట్ మూయాల్సిన డిస్క్రిప్టర్లను వెంటనే మూయదు. ఆ ఫైలు మీద లాకులన్నీ తొలగేదాకా పక్కన పెట్టుకుని ఉంటుంది. తన చేతిలో ఉన్నంతవరకు అది అలా కాపాడుకుంటుంది. కానీ ఆ లైబ్రరీని వాడుకుంటున్న ప్రోగ్రామరే, బ్యాకప్ తీద్దామని డేటాబేస్ ఫైలును మామూలుగా తెరిచి, నకలు చేసి, మూసేశాడనుకోండి. ఆ మూయడంతో లాకులు పోయాయి. ఆ సమయంలో మధ్యలో ఉన్న రాత మీద మరో ప్రాసెస్ రాయగలదు. ఎస్‌క్యూలైట్ వాళ్ళు తమ డేటాబేస్‌ను చెడగొట్టుకునే మార్గాలంటూ ప్రచురించిన పత్రంలో ఇదీ ఒకటి. బ్యాకప్ తీసుకోవడమనే అతి జాగ్రత్త పని వల్లే డేటా పోవడం కంటే బాధాకరమైన సంగతి ఈ రంగంలో నాకు మరొకటి తెలియదు.

అదే ఎస్‌క్యూలైట్ విండోస్ తాళాన్ని ఎలా తట్టుకుందో చూస్తే మెచ్చుకోకుండా ఉండలేం. విండోస్‌లో లాక్ పడిన బైట్లను ఇతరులు చదవలేరు. లాక్‌ను గుర్తుగా మాత్రమే వాడాలంటే అడ్డు రాని బైట్లు కావాలి. అందుకని డేటాబేస్ మూడో తరంలో లాకుల కోసం ఫైలు మొదటి నుంచి సరిగ్గా ఒక గిగాబైటు దూరంలో, అంటే 107,37,41,824వ బైటు దగ్గర, ఒక చోటు ఎంచుకున్నారు. ఫైలు అంత పెద్దది కాకపోయినా ఫరవాలేదు, లేని బైట్లకు కూడా లాక్ వేయడానికి రెండు సిస్టమ్‌లూ ఒప్పుకుంటాయి. ఫైలు నిజంగానే గిగాబైటు దాటి పెరిగితే, ఆ చోటు ఉన్న పేజీలో డేటా ఏమీ రాయకుండా ఖాళీగా వదిలేస్తుంది. ఇంకా ఉంది. విండోస్ 95, 98లలో పంచుకునే లాక్, అంటే అనేకమంది ఒకేసారి చదవడానికి వేసుకునే లాక్, లేనే లేదు. అక్కడ 510 బైట్ల వరస ఒకటి కేటాయించి, చదివే ప్రతివాడూ అందులో ఏదో ఒక బైటును యాదృచ్ఛికంగా ఎంచుకుని లాక్ వేసుకునేట్టు చేశారు. రాయాలనుకున్నవాడు మొత్తం 510కీ లాక్ అడగాలి, అంటే చదివేవాడు ఒక్కడున్నా దొరకదు. లేనిదాన్ని ఉన్నవాటితో కట్టుకోవడం ఇంజనీరింగ్‌లో ఎంత అందమైన పనో ఈ 510 బైట్లు చూస్తే తెలుస్తుంది.

లైనక్స్ వైపు ఆ యజమాని తప్పును సరిదిద్దింది 2014లో. 3.15 కెర్నెల్‌లో జెఫ్ లేటన్ చేసిన కృషితో కొత్త రకం లాక్ వచ్చింది. పోసిక్స్ లాక్ లాగే బైట్ల ముక్కకు వేయొచ్చు, ఎఫ్‌లాక్ లాగా తెరిచిన ఫైలుకు అతుక్కుని ఉంటుంది. తెరిచిన ఫైలు లాక్ అనొచ్చు, లైనక్స్ వాళ్ళు ఓఎఫ్‌డీ లాక్ అంటారు. దాన్ని పోసిక్స్ ప్రమాణంలో 2024 కూర్పులో చేర్చారు. 1988 నుంచి లెక్కవేస్తే 36 ఏళ్ళు.

ఇప్పుడు ఒక ప్రోగ్రామింగ్ భాషకు లైబ్రరీ రాసేవాళ్ళ స్థానంలో నిలబడి చూడండి. కింద ఇన్ని తేడాలున్నాయి. పైన ప్రోగ్రామర్ 'లాక్' అనే ఒక్క మాట అడుగుతున్నాడు. ఏం ఇవ్వాలి?

పైథాన్ తేడాను దాచలేదు. యూనిక్స్ మీద ఒక మాడ్యూలు, విండోస్ మీద మరో మాడ్యూలు, ఒకచోట ఉన్నది రెండోచోట ఉండదు. విండోస్ మాడ్యూలులో లాక్ అడిగితే సెకనుకోసారి చొప్పున పదిసార్లు ప్రయత్నించి, దొరక్కపోతే ఎర్రర్ ఇస్తుంది. యూనిక్స్‌లో ఎంతకాలమైనా ఎదురుచూస్తుంది. అందువల్ల రెండుచోట్లా నడవాల్సిన ప్రోగ్రాం రాసేవాడు ఈ జ్ఞానమంతా తనే సంపాదించుకోవాలి. డాట్‌నెట్ దీనికి ఎదురు దారి పట్టింది. విండోస్‌లో పుట్టిన భాషా కుటుంబం కాబట్టి ఫైలు తెరిచేటప్పుడు పంచుకునే తీరు చెప్పడం దాని రక్తంలో ఉంది. లైనక్స్‌కు వచ్చాక అదే మాటను ఎఫ్‌లాక్‌తో అభినయించింది. ఫలితంగా రెండు డాట్‌నెట్ ప్రోగ్రాములు ఒకదాన్నొకటి ఆపుకుంటాయి, పక్కనున్న 'క్యాట్'ను ఆపవు. మాట అదే, బలం వేరు.

జావా 2002లో, 1.4 కూర్పులో ఫైలు లాక్ తెచ్చింది. దాని వివరణ పత్రం చదవదగినది. లాక్ మొత్తం జావా వర్చువల్ మెషీన్ తరఫున ఉంటుందనీ, లోపలి థ్రెడ్లను ఒకదాని నుంచి ఒకటి కాపాడటానికి పనికిరాదనీ చెబుతుంది. లాక్ ఇతర ప్రోగ్రాములను నిజంగా ఆపుతుందా లేదా అన్నది సిస్టమ్‌ను బట్టి ఉంటుందని చెబుతుంది. కొన్ని సిస్టమ్‌లలో ఒక చానెల్ మూస్తే ఆ ఫైలు మీది లాకులన్నీ పోతాయని కూడా హెచ్చరిస్తుంది. ఇది మనం ఇప్పుడే చూసిన కండక్టరు కథే. ఒకే వర్చువల్ మెషీన్‌లో ఒకే ముక్కకు రెండోసారి లాక్ అడిగితే, కింద పోసిక్స్ ఇచ్చేయడానికి సిద్ధంగా ఉన్నా, జావా తనంతట తాను గుర్తించి ఎక్సెప్షన్ విసురుతుంది. ఆ తనిఖీ నాకు చాలా నచ్చుతుంది. మౌనంగా తప్పు జరగడం కంటే పెద్దగా అరవడం మేలు.

రస్ట్ చాలాకాలం ఈ పని చేయలేదు. 'ఎఫ్ఎస్2' లాంటి బయటి ప్యాకేజీలతో పని గడిచింది. 2025 ఆగస్టులో వచ్చిన 1.89 కూర్పులో ఫైలుకు లాక్, పంచుకునే లాక్, ఎదురుచూడకుండా ప్రయత్నించి చూసే వాటి రూపాలు, అన్‌లాక్ ప్రామాణిక లైబ్రరీలోకి వచ్చాయి. ముఖ్యమైన యూనిక్స్‌లలో కింద పనిచేసేది ఎఫ్‌లాక్, విండోస్‌లో లాక్‌ఫైల్‌ఈఎక్స్. బైట్ల ముక్కలు లేవు, ఫైలు మొత్తానికే. ఎఫ్‌లాక్‌నూ లాక్‌ఫైల్‌ఈఎక్స్‌నూ జతకలపడం వెనక ఆలోచన ఉంది. విండోస్ లాక్ కూడా తెరిచిన హ్యాండిల్‌కే అతుక్కుంటుంది, అదే ప్రోగ్రాం మరోసారి తెరిచిన హ్యాండిల్‌ను సైతం ఆపుతుంది. అంటే ఎవరిని ఆపుతుందన్న దానిలో రెండూ విడిపోయినా, ఎవరిదన్న దానిలో దగ్గరగా నిలుస్తాయి. రెంటిలో ముఖ్యమైనదాన్ని పట్టుకున్నారు.

మిగిలిన తేడాలను రస్ట్ పత్రం దాచకుండా రాసింది. లాక్ అడ్వైజరీ కావొచ్చు, మాండేటరీ కావొచ్చు. ఈ లాకులు ఒకదానితో ఒకటి వ్యవహరించడానికే ఉద్దేశించినవి, మామూలు చదవడం రాయడంతో ఎలా వ్యవహరిస్తాయన్నది సిస్టమ్‌ను బట్టి ఉంటుంది. ఇప్పటికే లాక్ ఉన్న హ్యాండిల్ మీదే మళ్ళీ అడిగితే ఏమవుతుందో చెప్పం, ఎప్పటికీ నిలిచిపోవచ్చు కూడా. విండోస్‌లో చివర చేర్చడానికి మాత్రమే తెరిచిన ఫైలుకు లాక్ పడదు, చదవడానికో రాయడానికో కూడా తెరవాలి. లాగ్ ఫైలుకు లాక్ వేద్దామనుకునేవాడు మొదటిరోజే తగులుకునే రాయి ఇది, ఎందుకంటే లాగ్ ఫైలును అందరూ చేర్చడానికే తెరుస్తారు, లైనక్స్‌లో అది చక్కగా నడుస్తుంది.

'ఏమవుతుందో చెప్పం' అనే మాట చదివి కొందరు విసుక్కుంటారు. నేను దాన్ని గౌరవిస్తాను. తక్కువ మాట ఇచ్చి నిలబెట్టుకోవడం లైబ్రరీ ధర్మం. రెండు సిస్టమ్‌లలోనూ నిజమయ్యేది ఇంతే: లాక్ అడిగినవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ప్రోగ్రాం ఆ ఒక్క మాట మీద నిలబడేలా రాస్తే ఎక్కడైనా నడుస్తుంది. విండోస్‌లో పరీక్షించి, 'ఎవరూ చదవలేకపోతున్నారు కదా, భద్రమే' అనుకుని రాస్తే లైనక్స్‌లో మునుగుతుంది. లైనక్స్‌లో లాక్ వేసిన ఫైలునే పక్క ప్రోగ్రాం చదువుతుందని నమ్మి రాస్తే విండోస్‌లో 33వ నంబరు ఎర్రర్ ఎదురవుతుంది. అందుకే అనుభవజ్ఞులు అసలు డేటా ఉన్న ఫైలుకు లాక్ వేయరు. పక్కన ఒక ఖాళీ ఫైలు పెట్టి దానికి వేస్తారు. అందులో చదవడానికి ఏమీ లేదు కాబట్టి తాళమైనా కర్చీఫైనా ఒకటే.

ఆ ఖాళీ ఫైలు విషయంలో మరో గుంట ఉంది, యూనిక్స్‌లో చాలామంది పడ్డదే. పని అయిపోయాక శుభ్రంగా ఉండాలని లాక్ ఫైలును తొలగిస్తారు. యూనిక్స్‌లో ఫైలు పేరు వేరు, ఫైలు వేరు. పేరు తీసేసినా, తెరిచి పట్టుకున్నవాళ్ళు ఉన్నంతకాలం ఫైలు బతికే ఉంటుంది. లాక్ ఉండేది ఫైలు మీద, పేరు మీద కాదు. మొదటి ప్రాసెస్ లాక్‌తో ఉంది, రెండోది అదే ఫైలు తెరిచి ఎదురుచూస్తోంది. మొదటిది పని ముగించి పేరు తొలగించి లాక్ వదిలింది. రెండోదానికి లాక్ దొరికింది, కానీ పేరు లేని ఫైలు మీద. సరిగ్గా అప్పుడే మూడోది వచ్చి చూస్తే ఆ పేరుతో ఫైలే లేదు. కొత్తది సృష్టించుకుని దానికి లాక్ వేసుకుంది. ఇప్పుడు రెండోదీ మూడోదీ ఇద్దరూ లోపల ఉన్నారు, ఇద్దరి దగ్గరా చెల్లే లాకులున్నాయి. శుభ్రం కోసం చేసిన పని లాక్‌నే నిరర్థకం చేసింది. లాక్ ఫైలును అక్కడే పడి ఉండనివ్వాలి. ఖాళీ ఫైలొకటి డిస్కులో మిగిలితే వచ్చే నష్టం ఏమీ లేదు.

నెట్‌వర్కు మీది డిస్కుల దగ్గరికి వస్తే నేల ఇంకా మెత్తబడుతుంది. సన్ మైక్రోసిస్టమ్స్ వారి ఎన్‌ఎఫ్‌ఎస్ తొలి తరాల్లో సర్వర్ దేన్నీ గుర్తుపెట్టుకోకూడదన్నది మూలసూత్రం. సర్వర్ పడి లేచినా పని ఆగకూడదని అలా కట్టారు. లాక్ అంటేనే గుర్తుపెట్టుకోవడం. అందుకని దాన్ని విడిగా మరో ప్రోటోకాల్‌కు అప్పగించారు. నాలుగో తరంలో గానీ లాక్ ప్రధాన ప్రోటోకాల్ లోపలికి రాలేదు, అప్పుడు కూడా గడువు పెట్టి ఇస్తుంది, క్లయింటు దాన్ని ఎప్పటికప్పుడు పొడిగించుకోవాలి. లైనక్స్‌లో 2.6.12 కెర్నెల్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైలు మీద ఎఫ్‌లాక్ అడిగితే లోపల దాన్ని ఎఫ్‌కంట్రోల్ లాక్‌గా మార్చి పంపుతుంది. అంటే స్థానిక డిస్కు మీద ఒకరినొకరు చూడని రెండు లాకులు ఇక్కడ ఒకటైపోతాయి. రస్ట్ భాషకు ప్యాకేజీలు తెచ్చిపెట్టే కార్గో అనే పనిముట్టు ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఉన్నానని కనిపెడితే అసలు లాకే వేయదు. అక్కడ లాక్ అడిగితే కొన్నిచోట్ల తప్పు రావడం కాదు, ఎప్పటికీ జవాబే రాదని వాళ్ళు అనుభవం మీద తెలుసుకున్నారు. రెండు బిల్డులు ఒకేసారి నడిస్తే పాడవ్వొచ్చనే ప్రమాదాన్ని, ఒక్క బిల్డు కూడా నడవకపోవడం కంటే చిన్నదిగా ఎంచారు. లాక్ పనిమీద ఇంత శ్రద్ధ పెట్టినవాళ్ళే ఒకచోట లాక్ వద్దనుకోవడం తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు.

మొదటి ప్రయోగానికి తిరిగి వెళ్దాం. లైనక్స్ యంత్రం మీద మన ప్రోగ్రాం లాక్ వేసి కూర్చున్న ఆ నిమిషంలో, 'ప్రాక్' డైరెక్టరీలో 'లాక్స్' అనే ఫైలు తెరిచి చూడండి. ఆ క్షణాన యంత్రంలో ఉన్న లాకుల జాబితా అది, కెర్నెల్ చెప్పే లెక్క. మన లాక్ ఒక వరుసలో ఉంటుంది. ముందు దాని రకం, ఎఫ్‌లాక్ అని. పక్కన అడ్వైజరీ అనే మాట. ఆ పక్కన చదవడానికా రాయడానికా అన్నది, తర్వాత లాక్ వేసిన ప్రాసెస్ నంబరు. మీ యంత్రంలో ఏదైనా ప్రోగ్రాం 2014 నాటి కొత్త లాక్ వాడుతూ ఉంటే ఆ వరుసలో రకం వేరుగా కనిపిస్తుంది. అక్కడ ప్రాసెస్ నంబరు ఉండాల్సిన చోట -1 ఉంటుంది. ఆ లాక్ ఏ ప్రాసెస్‌దీ కాదు, తెరిచిన ఫైలుది.